నలుగురు కూడి నడిపే కథ

కంప్యూటర్ ఆటల ప్రసక్తి వచ్చినప్పుడల్లా మన కళాశాల పెద్దలకు రెండే గుర్తుకు వస్తాయి: ఒకటి డబ్బు ఒడ్డి ఆడే రమ్మీ, రెండవది తుపాకులతో ఒకరినొకరు వేటాడుకొనే పబ్జీ. వారి భయం నిరాధారమైనది కాదు. పందెపు రమ్మీని తెలంగాణ ప్రభుత్వం 2017లోనే చట్టాన్ని సవరించి నిషేధించింది. పబ్జీ మొబైల్‌ను కేంద్ర ప్రభుత్వం 2020 సెప్టెంబరు 2న నిలిపివేసింది. అది వేరొక పేరుతో 2021లో తిరిగి వచ్చి, 2022లో ఆగిపోయి, 2023లో మరల మొదలైంది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ ఆటల చట్టం మాత్రం డబ్బు ఒడ్డే ఆటలను దేశమంతటా నిషేధిస్తూనే, పందెంతో నిమిత్తం లేని ఆటలను వేరుగా గుర్తించింది. చట్టానికి కనబడిన ఈ తేడా మన పాలక సంఘానికి ఎందుకు కనబడకూడదు?

నేను చెప్పదలచినది మూడవ రకపు ఆటలను గురించి. వీటిని రోల్ ప్లేయింగ్ ఆటలంటారు; తెలుగులో పాత్రధారణ ఆటలనవచ్చును. ఆటగాడు ఒక పాత్రను స్వీకరిస్తాడు. ఆ పాత్రకు బలము, బలహీనత, గతము ఉంటాయి. అతడు చేసే ప్రతి నిర్ణయానికీ కథలో ఫలితం ఉంటుంది. ఇవి కంప్యూటరుతో పుట్టినవి కావు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు ప్రకటించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట కాగితము, పెన్సిలు, పాచికలతో బల్ల చుట్టూ కూర్చుండి ఆడేది. ఒకరు కథ చెబుతారు, తక్కినవారు పాత్రలవుతారు. అనగా ఈ జాతి ఆటలు పుట్టుకతోనే నలుగురివి. యంత్రం వచ్చిన తరువాతనే ఇవి ఒంటరివయ్యాయి. పగటివేషాలను వాకిట నిలబడి చూసినవారికి, వేషగాడితో మాటకు మాట అప్పగించిన మన అవ్వలకు, ఈ వినోదం బొత్తిగా కొత్తది కాదు.

ఇటీవల ఈ రంగంలో పెద్ద సంస్థలకంటె చిన్న బృందాలే ఎక్కువ ఆశ్చర్యం కలిగిస్తున్నాయి. వీరిని ఇండీ నిర్మాతలంటున్నారు. ఎరిక్ బరోన్ అనే అమెరికా యువకుడు నాలుగేండ్లకు పైగా ఒక్కడే కూర్చుండి, బొమ్మలు తానే గీసి, సంగీతం తానే కూర్చి, స్టార్‌డ్యూ వ్యాలీ అనే ఆటను 2016 ఫిబ్రవరిలో విడుదల చేశాడు. తాత విడిచిన పొలాన్ని సాగుచేస్తూ ఊరివారితో స్నేహం పెంచుకొనడమే అందులోని కథ. అది కోట్ల ప్రతులు అమ్ముడుపోయింది. మన హైదరాబాదులోనే జైనుద్దీన్ ఫహద్ మొదలైనవారు స్థాపించిన ఓగర్ హెడ్ స్టూడియో 2017లో అసుర అనే ఆటను తెచ్చింది. భారతీయ పురాణ వాతావరణంలో నడిచే ఆ ఆటలో నాయకుడు మరణించినప్పుడల్లా అతని విద్యల వృక్షం కొత్తగా అల్లుకొంటుంది. ఏ రెండు జన్మలూ ఒకే తీరున ఉండవు. పూనాకు చెందిన నోడింగ్ హెడ్స్ వారి రాజీ 2020లో వచ్చింది. ఈ రెండూ మనం గర్వించదగినవే. కాని రెండూ ఒక్కరు మాత్రమే ఆడదగినవి.

ఒంటరి ఆట తక్కువదా? కాదు. ఫ్రాన్సులోని మోంపెలియే పట్టణపు చిన్న బృందం 2025 ఏప్రిల్‌లో విడుదల చేసిన క్లేర్ ఆబ్‌స్క్యూర్ అనే ఆట ఒక్కరే ఆడేది. ఆ ఏటి గేమ్ అవార్డులలో ఉత్తమ క్రీడగా, ఉత్తమ స్వతంత్ర క్రీడగా కూడ అదే నిలిచింది. నవలను ఒంటరిగానే చదువుతాము గదా! అయితే హాస్టలు గదిలో నలుగురు పిల్లలు నాలుగు ఫోనులలోకి తలలు వంచుకొని, ఒకరి ముఖం ఒకరు చూడకుండా గడిపే సాయంత్రాలను చూస్తున్నవాడిని గనుక, కూడి ఆడే కథలకు నేను ఓటు వేస్తాను.

ఇక్కడ మల్టీప్లేయర్ అనే మాటను విడదీసి చూడాలి. అమ్మకపు ప్రకటనలలో ఆ మాట ఒక్కటే. దాని వెనుక ఏర్పాట్లు మూడు. ఒకే తెరను ఇద్దరో ముగ్గురో పంచుకొనడం మొదటిది. ఒకే గదిలోని కంప్యూటర్లను తీగతోనో వైఫైతోనో కలిపి ఆడడం రెండవది. ఎక్కడో ఉన్న సర్వరు ద్వారా దూరదేశపు అపరిచితులతో ఆడడం మూడవది. పట్టణాలవారికి మూడవది సహజం. మన విద్యార్థులలో అనేకులు అడవి అంచు ఊళ్ళ నుండి వచ్చినవారు. సెలవులకు ఇంటికి పోతే సిగ్నలు కోసం గుట్ట ఎక్కేవారు. వారికి మూడవది కాగితం మీది సౌకర్యమే. మొదటి రెండే నిజమైనవి.

స్టార్‌డ్యూ వ్యాలీనే చూడండి. 2018లో దానికి నలుగురు కలిసి ఆడే వీలు వచ్చింది. 2020 డిసెంబరులో ఒకే తెరను చీల్చి పంచుకొనే వీలు వచ్చింది. 2024లో కంప్యూటరుపై ఎనమండుగురి వరకు చోటు దొరికింది. ఒక గదిలోని యంత్రాలను కలిపి కూడ ఆడవచ్చును. ఇంతా చేసి ఆ ఆట ఒక గిగాబైటుకు మించదు. బెల్జియముకు చెందిన లారియన్ వారి బాల్డర్స్ గేట్ 3 దీనికి భిన్నమైనది. 2023 ఆగస్టులో వచ్చి ఆ ఏటి ఉత్తమ క్రీడ అయిన ఆ మహాగ్రంథాన్ని నలుగురు కలిసి ఆడవచ్చునుగాని, దానికి నూటయాభై గిగాబైట్ల స్థలము, ఖరీదైన యంత్రము కావాలి. మన ప్రయోగశాలలోని యంత్రాలు దానిని చూచి ప్రాణం విడుస్తాయి! కొత్త ఆట వచ్చిందనగానే బొమ్మల సొగసు గాక, ఎంతమంది ఆడవచ్చును, ఒకే తెరపైనా వేరు వేరు తెరలపైనా, నెట్ లేనప్పుడు నడుస్తుందా, ఎన్ని గిగాబైట్లు అనే వివరాలు ముందు అడగండి. సీ ఆఫ్ స్టార్స్ అనే కెనడా ఆట 2023లో ఒంటరిగా వచ్చి, తరువాత ముగ్గురు ఒకే చోట ఆడే వీలును ఉచితంగా చేర్చుకొన్నది. ఇట్టి మార్పులు విడుదలనాటి సమీక్షలలో కనబడవు. స్టీమ్ అంగడిలో 2019 నుండి ఉన్న రిమోట్ ప్లే టుగెదర్ వలన ఒకరి వద్ద ప్రతి ఉంటే చాలు, మిత్రుడు దూరం నుండి అదే ఆటలో చేరవచ్చును. కాని దానికి మంచి నెట్ ఉండాలి.

నలుగురు కూడినప్పుడు కథ ఎవరిది? ఈ సమస్య నన్ను సాహిత్య విద్యార్థిగా ఎక్కువగా ఆకర్షిస్తున్నది. ఒక గ్రామాధికారి వచ్చి, దొంగను విడిచిపెట్టుమంటారా, శిక్షించుమంటారా అని అడుగుతాడు. ఒకరు దయ చూపమంటారు, మరొకరు వద్దంటారు. లారియన్ వారే 2014లో తెచ్చిన డివినిటీ ఒరిజినల్ సిన్‌లో ఇట్టి తగవు వస్తే ఇద్దరు ఆటగాళ్ళు రాయి-కాగితం-కత్తెర ఆడి తీర్చుకోవాలి. నవ్వు పుట్టించే ఏర్పాటే గాని, అభిప్రాయభేదానికి కథలోనే చోటు ఇచ్చినందుకు వారిని మెచ్చుకోవాలి. బాల్డర్స్ గేట్ 3లో సంభాషణ మొదలుపెట్టినవాడిదే తుది మాట. తక్కినవారు తమ ఇష్టం తెలుపగలరు, అంతే. తక్కిన ముగ్గురూ విసిగి అడవిలోకి పోయి కుండలు పగులగొట్టుకొంటూ కూర్చున్నా ఆశ్చర్యపడనక్కరలేదు.

ఈ చిక్కును మన బుర్రకథ ఏనాడో విప్పింది. నడుమ కథకుడు, ఒక ప్రక్క హాస్యపు వంత, మరొక ప్రక్క రాజకీయపు వంత. ముగ్గురికీ పని ఉన్నది, ముగ్గురూ ఒకే పని చేయరు. కథకుడు ఆవేశంలో పోతుంటే హాస్యగాడు అడ్డు తగిలి ప్రశ్నిస్తాడు. రాజకీయపు వంత దానిని నేటి కాలానికి ముడివేస్తాడు. పద్మశ్రీ షేక్ నాజర్ పల్నాటి యుద్ధం చెబుతుంటే వేలమంది రాత్రంతా కదలకుండా కూర్చుండేవారంటే, అందులో ఆ ముగ్గురి పొందిక పాలెంత! ఉర్దూ దాస్తాన్‌గోయీ మరొక దారి చూపింది. ఢిల్లీలో మీర్ బాఖర్ అలీ 1928లో మరణించడంతో ఆగిపోయిందనుకొన్న ఆ కళను 2005లో మరల వేదిక ఎక్కించినప్పుడు మహమూద్ ఫారూఖీ ప్రభృతులు ఒక్కరికి బదులు ఇద్దరు కథకులను కూర్చుండబెట్టారు. మాట ఒకరి నుండి ఒకరికి చేతులు మారడంతో పాత కథకు కొత్త ఊపిరి వచ్చింది. ఈ విషయాలు విదేశీ నిర్మాతలకు తెలియకపోవచ్చు. తెలుగు, ఉర్దూ రెండూ బోధించే కళాశాలలోని మనకు తెలియకపోతే ఎట్లా?

దూరపు సర్వరు మీద నడిచే ఆటలపై నాకు వేరొక ఫిర్యాదు కూడ ఉన్నది. అవి మన సొత్తు కావు. యూబీసాఫ్ట్ సంస్థ 2014లో అమ్మిన ది క్రూ అనే ఆట సర్వర్లను 2024 మార్చి 31న మూసివేసింది. డబ్బు పెట్టి కొన్నవాడు తనంతట తాను ఒంటరిగా ఆడుకొనడానికి కూడ వీలు లేకపోయింది. దాని మీద రాస్ స్కాట్ అనే ఆయన మొదలుపెట్టిన ఉద్యమానికి ఐరోపాలో 2025 జులై నాటికి పది లక్షలకు మించి సంతకాలు వచ్చాయి. గ్రంథాలయంలో కొన్న పుస్తకాన్ని ప్రచురణకర్త వచ్చి పట్టుకొనిపోతే మనం ఊరుకొంటామా? పైగా అపరిచితుల మధ్య ఆడే ఆడపిల్లలు తమ పేరు, గొంతు దాచుకొని ఆడవలసి వస్తున్నది. అదే గదిలో, తెలిసిన ముఖాల మధ్య ఆడితే ఆ అవస్థ ఉండదు.

ఇక మన కథలు. భద్రాచలం మన్యంలో కోయ డోలి కళాకారులు పడిగె గుడ్డ ముందు నిలిచి గట్టు గట్టుకూ గల పుట్టుక కథలు పాడుతారు. మణుగూరు ప్రాంతపు కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య గారు ఆ విద్యకే 2022లో పద్మశ్రీ పొందారు, 2024లో కన్నుమూశారు. ఈ సంపదను చూడగానే ఆట చేద్దామని చేతులు ఉవ్విళ్ళూరుతాయి. కొంచెం ఆగాలి. అవి ఒక వంశంవారి నమ్మకాలు. అడగకుండా తీసుకొనే హక్కు మనకు లేదు. అడవి మనుషులను వేటాడదగిన రాక్షసులుగా చూపే దురలవాటు పాత్రధారణ ఆటలలో మొదటినుండీ ఉన్నది. ఆ అలవాటును అడవి అంచున ఉండి మనమే కొనసాగిస్తే సిగ్గుచేటు. తరగతిలోని కోయ విద్యార్థి రచయితగా ఉన్నప్పుడే ఆ కథ జోలికి పోదాము.

మనందరికీ చెందిన కథ ఒకటి సిద్ధంగా ఉన్నది: గోదావరి. భద్రాచలం వద్ద 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 2022 జులైలో నీరు 71 అడుగులు దాటింది. 1986లో 75 దాటిన తరువాత అంతటి వరద అదే. ఆట మొత్తం ఈ అంకెల మీదనే నడుపవచ్చును. నాలుగు పాత్రలు: పడవవాడు, ఆశా కార్యకర్త, బడిపంతులు, హాస్టలు విద్యార్థిని. ఏ రేవు మునిగినదో పడవవానికే తెలుసు, ఏ ఇంట నిండు చూలాలు ఉన్నదో ఆశా కార్యకర్తకే తెలుసు. ఒకరి తెరపై మాటలు తెలుగులో, ఒకరికి ఉర్దూలో, మరొకరికి కోయలో. ఒకరినొకరు అడిగి తెలుసుకొననిదే ఎవరికీ దారి దొరకదు. వంతు వంతుకూ నీరు పెరుగుతుంది. ఇందులో సర్వరు అక్కరలేదు, తుపాకి అక్కరలేదు. ఒకే బల్ల చాలు.

సాధనాలు లేవనే మాట ఇప్పుడు చెల్లదు. గోడో అనే ఆటల నిర్మాణ సాధనం పూర్తిగా ఉచితం. అంతకు పూర్వం ఇట్టి సాధనాలలో చాలావాటిలో తెలుగు వ్రాస్తే ఒత్తులు ఒకచోట, గుణింతాలు ఒకచోట చెదిరిపోయేవి. ఉర్దూ అక్షరాలు విడివిడిగా, తలక్రిందులైన వరుసలో వచ్చేవి. 2023 మార్చిలో వచ్చిన గోడో నాలుగవ రూపంలో సంయుక్తాక్షరాలకు, కుడి నుండి ఎడమకు నడిచే లిపికి ఏర్పాటు ఉన్నది. కంప్యూటర్ శాఖవారు, తెలుగు శాఖవారు, ఉర్దూ శాఖవారు కలిసి చేయదగిన పని మన కళాశాలలో ఇంతకంటె వేరొకటి నాకు కనబడదు.

పాలక సంఘం వారికి నా విన్నపం పెద్దది కాదు. ప్రయోగశాలకు సాయంత్రం నాలుగున్నరకు తాళం వేస్తున్నారు. వారంలో రెండు దినాలు ఆరున్నర వరకు, ఒక అధ్యాపకుని పర్యవేక్షణలో తెరచి ఉంచవలెను. నెట్ కనెక్షను తీసివేసి గదిలోని యంత్రాలను మాత్రమే కలిపి ఉంచితే, పందెపు ఆటల భయానికీ అపరిచితుల భయానికీ ఒకే దెబ్బతో తావు లేకుండా పోతుంది. విద్యార్థినులకు ప్రత్యేకంగా ఒక దినం కేటాయించినా సంతోషమే. బడ్జెటు లేదంటారేమో, రెండు జతల చేతి పరికరాలు, స్టార్‌డ్యూ వంటి ఆట నాలుగు ప్రతులు తప్ప మొదటి ఏడాదికి కొనవలసినది ఏదీ లేదు.

వరద ఆట తొలి రూపం కాగితం మీదనే తయారు చేయాలని నా ఉద్దేశం. అట్ట మీద గోదావరి, రేవులు, గుట్టలు గీయాలి. 43 నుండి 71 వరకు అంకెల నిచ్చెన ఒకటి ప్రక్కన ఉండాలి. పాత్రల చీటీలు మూడు భాషలలో వ్రాయాలి. కోయ మాటలను తెలుగు లిపిలో వ్రాసిపెట్టగల విద్యార్థులు ఇద్దరు, ఉర్దూ చక్కని దస్తూరీతో వ్రాయగలవారు ఇద్దరు, 2022లో ఇల్లు విడిచి పునరావాస కేంద్రంలో ఉండి వచ్చినవారు ఎందరైనా కావాలి. దసరా సెలవుల లోపల తెలుగు శాఖలో పేర్లు ఇవ్వగలరు.