గుట్టు తెలిసిన బ్రతుకు

తెలుగు భాషలో 'గుట్టు' అను చిన్న మాట యొకటి కలదు. రహస్యము, గోప్యము, ఏకాంతము అను సంస్కృత పదములు దీనికి దగ్గర చుట్టములే. కాని వీనిలో ఏ యొక్కటియు దీని స్థానమును పూర్తిగా ఆక్రమింపజాలదు. రహస్యమనగా ఇతరులకు తెలియరానిది. ఏకాంతమనగా ఇతరులు లేని చోటు. గుట్టన్ననో, అది యొక నడవడి. కలిమిలోను లేమిలోను ఇంటి సంగతి వీధిలో పెట్టక, పరువు నిలుపుకొని జీవించుటను తెలుగువారు గుట్టుగా బ్రతుకుట యన్నారు. దానికి ఎదురు మాట రట్టు. గుట్టు రట్టయినదనగా ఏదో సమాచారము బయటపడినదని మాత్రమే కాదు, ఒక మనిషి పరువునకు దెబ్బ తగిలినదని అర్థము. ఇంటి గుట్టు లంకకు చేటు అను సామెత, ఎంతటి కోటనైనను లోపలి సంగతి బయటికి పొక్కుటయే కూల్చునని తరతరములుగా హెచ్చరించుచున్నది.

అంతర్జాల యుగమున ఈ మాటను మరల తలచుకొనవలసిన అవసరము కలిగినది. వ్యక్తిగత గోప్యత యనునది పాశ్చాత్య దేశములనుండి దిగుమతియైన భావమనియు, ధనికులకు, ప్రముఖులకు తప్ప సామాన్యునికి దానితో పనిలేదనియు తలచువారు విద్యావంతులలో గూడ లేకపోలేదు. తప్పు చేయనివానికి దాచుకొనుట యెందులకని వారి ప్రశ్న. పైకి ఇది న్యాయముగనే కన్పట్టును. కాని ఇందులో గుట్టును నేరముతో ముడివేయు పొరపాటు కలదు. తలుపు వేసికొని స్నానము చేయువాడు దొంగ కాడు. ఉత్తరమును కవరులో పెట్టి అంటించువాడు కుట్రదారు కాడు. తన జబ్బును వైద్యునికి చెప్పి పొరుగువానికి చెప్పనివాడు అసత్యవాది కాడు. ఎవరికి ఏది, ఎంతవరకు చెప్పవలెనో తానే నిర్ణయించుకొనుట మనిషి మనిషిగా బ్రతుకుటకు కావలసిన కనీస స్వాతంత్ర్యము.

ఈ సత్యమును అరువది యేండ్లకు పూర్వమే దేశ అత్యున్నత న్యాయస్థానమున పలికినవాడు ఒక తెలుగువాడగుట తెలుగు విద్యార్థులు ఎరుగవలసిన విషయము. ఉత్తరప్రదేశమున ఖరక్ సింగ్ అను నతనిపై 1941లో ఒక దోపిడి కేసు వచ్చినది. సాక్ష్యము లేక అతనిని విడిచిపెట్టిరి. అయినను పోలీసులు అతని పేర చరిత్రపత్రము తెరచి నిఘా ఉంచిరి. చౌకీదార్లు, కానిస్టేబుళ్లు వేళగాని వేళ వచ్చి తలుపు తట్టి, కేకలు వేసి నిద్రలేపుచున్నారనియు, ఊరు విడిచి వెళ్లవలెనన్న ఎక్కడికి, ఎన్నాళ్లకు అన్నది చెప్పి వెళ్లవలసి వచ్చుచున్నదనియు అతడు సుప్రీంకోర్టులో మొరపెట్టుకొనెను. 1962 డిసెంబరు 18న తీర్పు వెలువడినది. రాత్రివేళ ఇండ్లపై బడుటను న్యాయమూర్తులు ఆరుగురును త్రోసిపుచ్చిరి. కాని వారిలో నలుగురు, గోప్యత రాజ్యాంగము హామీ యిచ్చిన హక్కు కాదనియు, మనిషి రాకపోకలను కనిపెట్టియుండుట మాత్రముచేత అతని స్వేచ్ఛకు భంగము రాదనియు అభిప్రాయపడిరి.

రాజమహేంద్రవరమున జన్మించి, 1954లో ఆంధ్ర హైకోర్టునకు ప్రథమ ప్రధాన న్యాయమూర్తియై, తరువాత 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి పదవి నలంకరించిన కోకా సుబ్బారావు ఈ అభిప్రాయముతో ఏకీభవింపలేదు. న్యాయమూర్తి జె.సి. షా ఆయన పక్షమున నిలిచెను. కాళ్లకు సంకెళ్లు లేనంత మాత్రమున మనిషి స్వేచ్ఛగా నున్నట్లు కాదనియు, ఎవరో తన్ను చూచుచున్నారన్న ఎరుకయే మనస్సునకు సంకెల యగుననియు, రాజ్యాంగము పేరుపెట్టి చెప్పకపోయినను గోప్యత వ్యక్తిస్వేచ్ఛలో విడదీయరాని భాగమేననియు ఆయన వాదము. ఆనాడది అల్పసంఖ్యాకుల మాట. దానికి చట్టబలము లేదు.

సత్యమునకు ఓపిక యెక్కువ. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి తన ఎనుబదియారవ యేట, 2012లో, ఆధార్ పథకమును ప్రశ్నించుచు సుప్రీంకోర్టు నాశ్రయించెను. ఆ వ్యాజ్యములో గోప్యత ప్రాథమిక హక్కు అవునా కాదా యను ప్రశ్న తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనమునకు చేరినది. వారిలో కృష్ణాజిల్లాకు చెందిన జాస్తి చలమేశ్వర్ ఒకరు. 2017 ఆగస్టు 24న ఆ తొమ్మండుగురును ఏకగ్రీవముగ అది ప్రాథమిక హక్కేనని తీర్పు చెప్పిరి. సుబ్బారావు భిన్నాభిప్రాయమును గౌరవముతో స్మరించిరి. ఏబదియైదేండ్లు ఒంటరిగా నిలిచిన మాట ఆ దినమున దేశ శాసనమైనది.

హక్కు లభించినది. గుట్టు నిలిచినదా అన్నదే నేటి ప్రశ్న. ఇచ్చట కాలము ఒక వింత మలుపు తిరిగినది. 1962 నాటి కావలివాడు తలుపు తట్టెను గనుకనే ఇంటివానికి మెలకువ వచ్చినది, కోపము వచ్చినది, కోర్టుకు పోవలెనను బుద్ధి పుట్టినది. నేటి కావలివాడు తలుపు తట్టడు. ఇంటివాడే అతనిని జేబులో పెట్టుకొని తిరుగుచున్నాడు, తలగడ ప్రక్కన పెట్టుకొని నిద్రించుచున్నాడు. దీపము వెలిగించుటకు మాత్రమే ఉపయోగపడు యాప్ ఒకటి పరిచయస్థుల ఫోను నంబర్లను చూడ అనుమతి అడుగును. చదువుటకు ఓపిక లేక ఇంటివాడు 'సరే' యను మాటను నొక్కును. తాళపుచెవి చేతులు మారినది. చప్పుడు మాత్రము కాలేదు.

ఇట్లు చేరు సమాచారములో ఏ ఒక్కటియు విడిగా చూచినచో పెద్దదిగ కనబడదు. ఫోను రాత్రులెక్కడ నున్నదో తెలిసినచో ఇల్లు తెలిసినది. పగలెక్కడ నున్నదో తెలిసినచో ఉద్యోగము తెలిసినది. వారమునకొకమారు ఏ ఆసుపత్రి కడ ఆగుచున్నదో తెలిసినచో జబ్బు తెలిసినది. ఏ వార్త దగ్గర ఎంతసేపు నిలిచెనో తెలిసినచో మనస్సు గూడ తెలిసినది. గడ్డిపరకకు బలము లేదు. పరకలన్నియు పేనినప్పుడు మోకగును, ఆ మోకుతో ఏనుగును గూడ కట్టవచ్చును. ప్రకటనలు అమ్మువారును, మోసగాండ్రును ఈ మోకును పేనుటలోనే నేర్పరులు.

పాఠశాలలకు ఈ విషయమున ఇతరులకంటె ఎక్కువ బాధ్యత కలదు. బాలబాలికల పేర్లు, పుట్టిన తేదీలు, తల్లిదండ్రుల ఫోను నంబర్లు, కులము, ఆధార్ సంఖ్యలు, ఉపకారవేతనములకై తీసికొన్న బ్యాంకు ఖాతాల సంఖ్యలు అన్నియు ఒక్కచోట చేరునది పాఠశాల రిజిస్టరులోనే. పూర్వము ఆ రిజిస్టరు ప్రధానోపాధ్యాయుని బీరువాలో ఉండెడిది. నేడు పై అధికారి పట్టిక పంపుమనగానే, తొందరలో దానిని ఫొటో తీసి వాట్సాప్ బృందమున పెట్టుట పరిపాటి యైనది. ఆ బృందమున నలువది మంది యున్నచో నలువది ఫోనులలో ఆ పట్టిక నిలిచిపోవును. వారిలో ఒకరి ఫోను పోయినను, ఒకరు పొరపాటున వేరొకరికి పంపినను, దానిని వెనుకకు తెచ్చు ఉపాయము లేదు. తప్పిన విద్యార్థి మార్కులను పదిమంది చూచునట్లు పంపుటయు ఈ కోవలోనిదే. చెడుబుద్ధితో ఎవరును ఈ పని చేయుట లేదు. కాని ఇతరుల గుట్టు తన చేతిలో ఉన్నదన్న స్పృహ లోపించినచో మంచిబుద్ధి చాలదు.

గోప్యత పోయిన తరువాత భద్రత పోవుటకు ఆలస్యముండదు. పరాయివాడు ఫోను చేసి ఊరక డబ్బడిగినచో ఎవరును ఇయ్యరు. అతడు కుమారుని పేరు, చదువు తరగతి, ఖాతా ఉన్న బ్యాంకు పేరు సరిగా చెప్పినప్పుడు వినువానికి నమ్మకము కుదురును. మోసమునకు పెట్టుబడి ఆ రట్టయిన సమాచారమే. పోలీసు దుస్తులతో వీడియోలో కనబడి, నీ పేర నేరము నమోదైనదని బెదరించి, కెమెరా ముందునుండి కదలనీయక దాచుకొన్న సొమ్మంతయు లాగుకొను 'డిజిటల్ అరెస్టు' మోసమునకు విశ్రాంత ఉద్యోగులు, చదువుకొన్నవారు గూడ బలియైనారు. భారతదేశపు ఏ చట్టములోను అట్టి అరెస్టు లేదు. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి తన ఆకాశవాణి ప్రసంగమున ఈ సంగతినే ప్రజలకు చెప్పవలసి వచ్చినది.

జాగ్రత్తలు కష్టమైనవి కావు. ఫోనునకు వచ్చు ఓటీపీ ఇంటి తాళపుచెవి వంటిది. దానిని అడుగువాడు బ్యాంకు ఉద్యోగినని చెప్పినను ఈయరాదు. డబ్బు పంపుటకే పిన్ కావలెను గాని పుచ్చుకొనుటకు అక్కరలేదు. ఈ యొక్క సూత్రము తెలిసినవాడు అనేక మోసములనుండి తప్పించుకొనును. అన్ని ఖాతాలకు ఒకే పాస్‌వర్డు పెట్టుట ఇంటికి, బీరువాకు, పెట్టెకు ఒకే తాళము వేయుట వంటిది. పాస్‌వర్డునకు తోడు రెండవ పరీక్ష గూడ కోరునట్లు ఖాతాను అమర్చుకొనవచ్చును. ఆధార్ నకలు ఈయవలసి వచ్చినప్పుడు చివరి నాలుగంకెలు మాత్రమే కనబడు నకలు తీసికొను వీలున్నది. సొమ్ము పోయినచో సిగ్గుపడి కూర్చుండక తక్షణమే 1930 నంబరునకు ఫోను చేయవలెను. ఆలస్యము జరిగినకొలది ఆ సొమ్ము ఖాతాలు మారుచు దూరమగును.

సిగ్గు మాట వచ్చినది గనుక ఒక సంగతి స్పష్టపరుపవలసియున్నది. గుట్టు అను మాటకు తెలుగునాట ఒక చీకటి కోణము గూడ కలదు. అన్యాయమునకు గురియైనవారిని, ముఖ్యముగ ఆడపిల్లలను, నోరెత్తనీయకుండుటకు ఈ మాటను వాడినవారు కలరు. ఒక బాలిక ఛాయాచిత్రమును వికృతపరచి, డబ్బో మరొకటో అడుగు దుర్మార్గుడు నమ్ముకొన్నది సాంకేతిక విద్యను కాదు, ఆమె భయమును. ఇంట చెప్పినచో కొట్టుదురు, బడిలో చెప్పినచో నవ్వుదురు అను ఆలోచనయే అతని ఆయుధము. అట్టిచోట మౌనము గుట్టు కాదు. అది నేరస్థునికి చేయు సాయము. పరుల ఏకాంతమును వారి సమ్మతి లేక చిత్రించి వ్యాపింపజేసినవానికి మూడేండ్లవరకు కారాగార శిక్ష విధింప సమాచార సాంకేతిక చట్టములోని 66ఇ విభాగము వీలు కల్పించుచున్నది. ఆ చట్టము దాకా పోవుటకు మొదట ఆ బాలిక నోరు విప్పవలెను. ఆమె నమ్మి చెప్పుకొనదగిన పెద్ద ఒకరు కావలెను. ఆ పెద్ద చాలమారులు ఉపాధ్యాయుడో ఉపాధ్యాయినియో అగుట సహజము. వినిన వెంటనే ఆమెనే తప్పుపట్టక, విన్నదానిని సిబ్బంది గదిలో కథగా చెప్పక, తల్లిదండ్రులకు ధైర్యము చెప్పి ఆమెకు అండగా నిలుచుటకంటె గొప్ప పాఠము తరగతి గదిలో లేదు.

చట్టము తన పని తాను చేయుచునేయున్నది. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 2023 ఆగస్టులో వచ్చినది. సమాచారమెందులకో చెప్పి సమ్మతి పొందవలెననియు, పదునెనిమిది యేండ్లు నిండనివారి విషయమున తల్లిదండ్రుల సమ్మతి ఉండవలెననియు, రక్షణలో విఫలమైనచో 250 కోట్ల రూపాయలవరకు జరిమానా విధింపవచ్చుననియు అందు కలదు. నియమములు 2025 నవంబరులో వెలువడినవి, అమలు దశలవారీగా జరుగవలసియున్నది. ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు లిచ్చు అధికారము ప్రభుత్వము చేతిలోనే ఉండుటపై విమర్శయు లేకపోలేదు. ఆ విమర్శ ఉండవలసినదే. అయినను చట్టమెంత చక్కనిదైనను దొంగ పడిన తరువాత వచ్చునదే గాని, తలుపు వేయుట ఇంటివాని పని.

పిల్లలకు ఈ విద్య గోడపై సూచనల పట్టిక అంటించినంతలో రాదు. తమ గుట్టును పెద్దలు మన్నించుట చూచినప్పుడే వారికి గుట్టు విలువ తెలియును. విద్యార్థి ఫొటోను పంపుటకు ముందు అతనిని, అతని తల్లిదండ్రులను అడుగు ఉపాధ్యాయుడు, మార్కులను ఒక్కొక్కరికి విడిగా తెలుపు ఉపాధ్యాయిని, ఒక్కమాటయు ఉపన్యసింపకయే ఈ పాఠము చెప్పుచున్నారు. రేపు తన స్నేహితుని చిత్రము చేతికందినప్పుడు దానిని పదిమందికి పంపవలెనా వద్దా అని ఆ విద్యార్థి ఒక్క క్షణము ఆగును. ఆ ఒక్క క్షణము ఆగుటయే ఈ చదువునకు ఫలము.

ఖరక్ సింగ్ తలుపు తట్టిన చప్పుడును దేశము విని, అర్థము చేసికొనుటకు ఏబదియైదేండ్లు పట్టినది. చప్పుడు చేయక వచ్చు నేటి కావలివానిని కనిపెట్టుటకు అంత కాలము వేచియుండుట సాధ్యము కాదు.