‘నువ్వు ఆడొద్దు’ అని చెప్పగలరా?

2015లో వచ్చిన హాలీవుడ్ సినిమా ‘కంకషన్’ చూసి, న్యూరోసర్జన్ అయి ఆటగాళ్ల తల గాయాలకు వైద్యం చేయాలని మీలో ఎవరైనా అనుకుంటుంటే, మంచి ఆలోచనే. కాకపోతే చిన్న సవరణ. అందులో విల్ స్మిత్ వేసిన పాత్ర, డాక్టర్ బెనెట్ ఒమాలు, న్యూరోసర్జన్ కాదు. శవపరీక్షలు చేసే పాథాలజిస్టు. ఆ కథలో న్యూరోసర్జన్ మరొకాయన, జూలియన్ బెయిల్స్. హీరో పక్కన నిలబడతాడు గానీ పోస్టర్ మీద ఆయన గుర్తుండడు. ఈ వృత్తి కూడా దాదాపు అలాంటిదే.

అసలు కంకషన్ అంటే ఏమిటి? తలకో, మెడకో, ఒక్కోసారి ఒంటికో గట్టి దెబ్బ తగిలినప్పుడు పుర్రె లోపల మెదడు ఒక్క కుదుపుకు గురై, కొంతకాలం దాని పనితీరు దెబ్బతింటుంది. ఎముక విరగదు, రక్తం కారదు. సీటీ స్కాన్ తీస్తే చాలాసార్లు అంతా మామూలుగానే కనిపిస్తుంది. స్పృహ తప్పితేనే కంకషన్ అనుకుంటాం కానీ, ఎక్కువమందికి స్పృహ తప్పదు. తల తిరగడం, వెలుతురు చూడలేకపోవడం, ఇప్పుడే విన్నది మర్చిపోవడం, ఊరికే చిరాకు... ఇవీ లక్షణాలు. వీటిలో దేనికీ కత్తితో పని లేదు.

అంటే దశాబ్దానికి పైగా కష్టపడి మెదడు ఆపరేషన్లు నేర్చుకున్న డాక్టరు, ఈ రోగుల్లో దాదాపు ఎవరికీ ఆపరేషన్ చేయరు. మరి ఏం చేస్తారు? అడుగుతారు, పరీక్షిస్తారు, వింటారు. చివరికి ‘ఇప్పుడు ఆడొద్దు’ అంటారు. ఒక్కోసారి ‘ఇక ఎప్పటికీ ఆడొద్దు’ అంటారు. నా దృష్టిలో ఈ ఉద్యోగమంతా ఆ ఒక్క మాటే. నీట్ ర్యాంకు ఎంత వస్తుందన్నది తర్వాతి సంగతి. ఆ మాట ఎదుటివాడి ముఖం చూసి చెప్పగలరా లేదా అన్నది ముందు తేల్చుకోండి.

క్రికెట్ ఉదాహరణే తీసుకుందాం. 2019 ఆగస్టు, లార్డ్స్‌లో యాషెస్ టెస్టు. జోఫ్రా ఆర్చర్ బౌన్సర్ స్టీవ్ స్మిత్ మెడకు తగిలింది. బయటికి తీసుకెళ్లి పరీక్షలు చేశారు, అన్నీ పాసయ్యాడు. మళ్లీ వచ్చి బ్యాటింగ్ చేసి 92కి ఔటయ్యాడు. తెల్లారేసరికి లక్షణాలు బయటపడ్డాయి. జట్టు డాక్టర్లు ఆపేశారు. ఆ నెల ఒకటో తేదీనే అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం అతని బదులు లబుషేన్ దిగాడు. టెస్టు చరిత్రలో మొదటి కంకషన్ సబ్‌స్టిట్యూట్ అతనే. తర్వాతి హెడింగ్లీ టెస్టులోనూ స్మిత్‌ను ఆడనివ్వలేదు. ఆ మ్యాచ్‌లో ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది: బెన్ స్టోక్స్ దెబ్బకు ఆస్ట్రేలియా ఒక్క వికెట్ తేడాతో ఓడింది. స్మిత్ ఉంటే? ఆ ప్రశ్న ఆ వారమంతా ఎంతమంది అడిగి ఉంటారో ఊహించుకోండి. ఆ తర్వాతి టెస్టులో దిగి 211 కొట్టాడనుకోండి, అది వేరే సంగతి. అతను డకౌట్ అయి ఉన్నా డాక్టర్ల నిర్ణయం సరైనదే.

ఆపరేషన్ లేనప్పుడు న్యూరోసర్జన్ ఎందుకు, ఏ డాక్టరైనా చాలదా అని మీరు అడగొచ్చు. చాలాసార్లు చాలు. కానీ కంకషన్‌లా కనిపించిన వందలాది దెబ్బల్లో ఎక్కడో ఒకటి అది కాదు. లోపల రక్తం గడ్డకడుతూ ఉంటుంది. 1962లో బార్బడోస్‌లో చార్లీ గ్రిఫిత్ బంతి తగిలి మన కెప్టెన్ నారీ కాంట్రాక్టర్ పుర్రె చిట్లింది. వెంటనే ఆపరేషన్ చేసి ప్రాణం నిలబెట్టారు. ప్రత్యర్థి కెప్టెన్ ఫ్రాంక్ వారెల్ రక్తమిచ్చాడు. కాంట్రాక్టర్ మళ్లీ టెస్టు ఆడలేదు. ఆ ఒక్క కేసును మిగతావాటి నుంచి వేరు చేయగల కన్ను, రాత్రీ పగలూ తల గాయాలు చూసినవాళ్లకే వస్తుంది.

ఇంకో ప్రమాదం ఉంది. మొదటి దెబ్బ మానకముందే రెండో దెబ్బ తగిలితే, ముఖ్యంగా చిన్న వయసు వాళ్లలో, మెదడు ఒక్కసారిగా వాచిపోవచ్చు. అరుదే, కానీ ప్రాణాంతకం. 2006లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో జాకరీ లిస్టెడ్ అనే 13 ఏళ్ల కుర్రాడు ఫుట్‌బాల్ ఆడుతూ తలకు దెబ్బ తగిలినా అదే మ్యాచ్‌లో మళ్లీ దిగాడు. ఆట ముగిశాక కుప్పకూలాడు. మెదడులో రక్తస్రావం. ఆపరేషన్లతో బతికాడు గానీ, మళ్లీ మాట్లాడటానికి, నడవటానికి చాలా కాలం పట్టింది. అతనికి వైద్యం చేసిన న్యూరోసర్జన్ రిచర్డ్ ఎలెన్‌బోగెన్ ఆపరేషన్ థియేటర్‌తో ఆగలేదు. ఆ కుటుంబంతో కలిసి చట్టం కోసం పట్టుబట్టారు. 2009లో చట్టం వచ్చింది: కంకషన్ అనుమానం ఉన్న విద్యార్థిని వెంటనే మైదానం నుంచి తప్పించాలి, వైద్య నిపుణులు రాతపూర్వకంగా అనుమతి ఇచ్చేదాకా దించకూడదు. 2014 నాటికి అమెరికాలోని అన్ని రాష్ట్రాల్లోనూ ఇలాంటి చట్టాలు వచ్చేశాయి. ఆ ఒక్క కాగితం ఎంతమంది పిల్లల తలలు కాపాడి ఉంటుందో! మన దగ్గర అలాంటి చట్టం లేదు.

ఇక డబ్బు దగ్గరికొద్దాం. మీకు వచ్చే డబ్బు కాదు, మీకు అడ్డొచ్చే డబ్బు. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ 1994లో మెదడు గాయాల మీద ఒక కమిటీ వేసింది. దాని అధ్యక్షుడు కీళ్లవాతం వైద్యుడు. నమ్మబుద్ధి కాదు, కానీ నిజం. పిట్స్‌బర్గ్ స్టీలర్స్ మాజీ ఆటగాడు మైక్ వెబ్‌స్టర్ 2002లో 50 ఏళ్లకే చనిపోయాడు. అతని మెదడులో కనిపించిన జబ్బు గురించి ఒమాలు 2005లో పరిశోధనా పత్రం ప్రచురిస్తే, దాన్ని వెనక్కి తీసుకోవాలని ఆ కమిటీ డాక్టర్లే డిమాండ్ చేశారు. బెయిల్స్ అప్పటికే ఆ స్టీలర్స్ జట్టుకు డాక్టరుగా పనిచేసిన మనిషి. నోరు మూసుకుని ఉంటే ఆయనకు పోయేదేమీ లేదు. అయినా ఒమాలు పక్కన నిలబడ్డారు. మాజీ ఆటగాళ్లు వేసిన దావాలో కోర్టు 2015లో ఆమోదించిన పరిహార ఒప్పందం దాదాపు వంద కోట్ల డాలర్లు. 2013 నుంచి ఎన్‌ఎఫ్‌ఎల్ మ్యాచ్‌ల్లో ఏ జట్టుకూ ఉద్యోగి కాని మెదడు గాయాల నిపుణులు మైదానం అంచున ఉంటున్నారు. జట్టు జీతం తీసుకునే డాక్టరు మాట ఒక్కటే చాలదని అందరికీ అర్థమయ్యాకే ఈ ఏర్పాటు.

మన ఊళ్లకు వస్తే ఒత్తిడి రూపం మారుతుంది, బరువు తగ్గదు. సంక్రాంతి కబడ్డీ పోటీల్లో ఇద్దరి తలలు ఢీకొంటాయి. ముఖాన నీళ్లు చల్లి, ‘ఏం కాలేదు లేరా’ అని వీపు తట్టి మళ్లీ కూతకు పంపుతారు. అక్కడ డాక్టరు ఉన్నా ఆయన మాట ఎవరు వింటారు? అంతకంటే కష్టమైన సందర్భం చెప్తాను. మీ ముందు ఇరవై ఏళ్ల కుర్రాడు కూర్చున్నాడు. స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగం అతని ఆశ, సెలెక్షన్ వచ్చే వారమే. నాన్న కౌలు రైతు. ‘సర్, ఇప్పుడు బానే ఉంది’ అంటాడు, అబద్ధమని మీకు తెలుస్తూనే ఉంటుంది. మీరు వద్దంటే ఆ ఉద్యోగం పోవచ్చు. ఉద్యోగం కోసం తిరగడం ఎలా ఉంటుందో ఈ పేజీ చదివే మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అయినా వద్దనాలి. అతను తిడతాడు. చాలామంది మళ్లీ మీ దగ్గరికి రారు, వద్దనని డాక్టరును వెతుక్కుంటారు.

ఇదంతా విన్నాక కూడా మీరు ఈ దారే అంటే, లెక్క ఇది. బైపీసీ, నీట్, అయిదున్నరేళ్ల ఎంబీబీఎస్. తర్వాత మూడేళ్ల ఎంఎస్ జనరల్ సర్జరీ, ఆపై నీట్ సూపర్ స్పెషాలిటీ రాసి మూడేళ్ల ఎంసీహెచ్ న్యూరోసర్జరీ. లేదా ఎంబీబీఎస్ కాగానే ఐఎన్ఐ-సెట్ ద్వారా ఎయిమ్స్, నిమ్‌హాన్స్ లాంటి చోట్ల నేరుగా ఆరేళ్ల ఎంసీహెచ్. ఒక్క ఏడాదీ వృథా కాకపోతే పదకొండున్నరేళ్లు. వృథా కాకుండా పూర్తి చేసేవాళ్లు తక్కువే. ఆ తర్వాత కూడా ‘స్పోర్ట్స్ కంకషన్ న్యూరోసర్జన్’ అనే బోర్డు పెట్టుకుంటే మన దగ్గర ఇల్లు గడవదు. వారంలో ఎక్కువ రోజులు ట్యూమర్లు, వెన్నెముక, హెల్మెట్ లేకుండా బైకు మీద నుంచి పడ్డవాళ్లు. ఆటగాళ్లకు మిగిలేది ఒక పూట ఓపీ. అమెరికాలోనూ బెయిల్స్, ఎలెన్‌బోగెన్ ఇద్దరూ విశ్వవిద్యాలయాల్లో న్యూరోసర్జరీ విభాగాలు నడుపుతూనే ఈ పని చేశారు. కాబట్టి న్యూరోసర్జరీ అంటేనే ప్రాణం అనుకునేవాళ్లు రండి. ఆటల మీద ఇష్టం ఒక్కటే ఉంటే రావొద్దు.

అలాంటివాళ్లకు ఎంబీబీఎస్ తర్వాత ఎండీ స్పోర్ట్స్ మెడిసిన్ ఉంది, సీట్లు మాత్రం చాలా తక్కువ. డిగ్రీ స్థాయిలో ఉన్నవాళ్లు నిరాశపడాల్సిన పని లేదు. కంకషన్ నుంచి కోలుకోవడంలో ఎక్కువ పని డాక్టరుది కాదు. ఒకటి రెండు రోజుల విశ్రాంతి తర్వాత నడక, పరుగు, సాధన అంటూ మెట్టు మెట్టుగా మైదానానికి తీసుకొచ్చేది ఫిజియోథెరపిస్టు. తగ్గని తలతిరుగుడుకు సమతుల్య వ్యాయామాలు చేయించేదీ వాళ్లే. జ్ఞాపకశక్తి, ఏకాగ్రత ఎంత దెబ్బతిన్నాయో పరీక్షించేది క్లినికల్ సైకాలజిస్టు. సైకాలజీ డిగ్రీ, పీజీ చేసినవాళ్లు ఆ దారి చూడండి.

ఏ కోర్సులో ఉన్నా ఈ వారమే చేయగలిగింది ఒకటుంది. డాక్టర్లు కాని కోచ్‌లు, తల్లిదండ్రులు, ఆటగాళ్ల కోసం అంతర్జాతీయ నిపుణుల బృందం తయారుచేసిన ‘సీఆర్‌టీ6’ అనే చిన్న పత్రం నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. దెబ్బ తగిలినవాణ్ని ఎప్పుడు మైదానం నుంచి తప్పించాలి, ఎప్పుడు అంబులెన్స్ పిలవాలి అన్నవి అందులో ఉంటాయి. డౌన్‌లోడ్ చేసి మీ కాలేజీ ఫిజికల్ డైరెక్టర్ చేతికివ్వండి. ఇంటర్ కాలేజియేట్ కబడ్డీ మొదలయ్యేలోపు.