పొలిమేర దాటిన పెట్రోలు

యానాం పొలిమేరకు వచ్చితిమని కాకినాడనుండి పోవు బాటసారికి తెలియుటకు రాతిపలక యక్కరలేదు. పెట్రోలుబంకుల కడ నిలిచిన వాహనముల బారు చూచిన చాలును. ఆ బారులోని మోటారుసైకిళ్ళు, ఆటోలు, కార్లు అధికభాగము ఆంధ్రప్రదేశ్ నంబరుపలకలు గలవే. గౌతమి కీవలను ఆవలను ఉన్నవారు ఒక్క భాష మాటలాడువారు, ఒండొరులతో వియ్యమందువారు. సుమారు ముప్పది చదరపు కిలోమీటర్ల ఈ చిన్నతావు చుట్టును ఆంధ్రదేశమే యున్నను, పరిపాలన మాత్రము పుదుచ్చేరిది. ఆ యొక్క భేదమే లీటరు పెట్రోలు వెలలో పది రూపాయలకు పైబడిన తేడాను తెచ్చుచున్నది.

ఈ తేడా ఎక్కడనుండి వచ్చినదో లెక్కవేసి చూడవలెను. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమువారు పెట్రోలుపై నూటికి 31 చొప్పున వ్యాటు విధించుచున్నారు. దానిపైన లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాటు. అటుపైన 2020 సెప్టెంబరులో పెట్టిన రోడ్ల అభివృద్ధి సెస్సు ఒక రూపాయి. ఆ రూపాయినైనను వట్టిగా విడిచిరా యనిన, దానిమీద మరల వ్యాటు! కేంద్రసుంకముతో కూడి లీటరు వెల 80 రూపాయలనుకొందము. రాష్ట్రము తీసికొనునది 30 రూపాయల 11 పైసలు. యానాములో 2025 జనవరిలో పెంచిన తరువాతను వ్యాటు నూటికి 17.69, అనగా అదే లీటరుపై 14 రూపాయల 15 పైసలు. రవాణాఖర్చులు మొదలగువానివలన బంకు కడ ఈ తేడా కొంత అటునిటు కావచ్చును గాని, మూలమిది. చమురొకటే, ఓడ యొకటే, తెచ్చిన కంపెనీలును అవియే. మారినది పన్ను మాత్రమే.

ఆ నాలుగురూపాయల చరిత్ర కొంచెము చెప్పుకొనదగినది. రాష్ట్రవిభజన జరిగిన మరుసటి యేడు, 2015లో, నాటి తెలుగుదేశం ప్రభుత్వమువారు దానిని విధించిరి. 2018 సెప్టెంబరులో, ఎన్నికలు ముంగిట నుండగా, వారే రెండు రూపాయలు తగ్గించిరి. 2020లో వైయస్సార్ కాంగ్రెసు ప్రభుత్వమువారు దానిని మరల నాలుగు చేసిరి. 2021 నవంబరులో పొరుగురాష్ట్రములు తగ్గించినను ఇచట తగ్గింపలేదని ప్రతిపక్షముగా నున్న తెలుగుదేశమువారు బంకులయొద్ద నిరసనలు చేసిరి. 2024 జూనులో వారే అధికారమునకు వచ్చిరి. 2025లోను పన్ను పట్టికయందు ఆ నాలుగు రూపాయలు చెక్కుచెదరక యున్నవి. కనుక ఈ బిడ్డకు తల్లి యెవరు తండ్రి యెవరని రెండు పక్షములవారును వాదులాడుకొన బనిలేదు. పెంచి పెద్దచేసినవా రిరువురును.

యానామునకు ఆంధ్రులు పోవుట క్రొత్తసంగతి కాదు. ఫ్రెంచివారి యేలుబడిలో అచట మంగళవారపు సంతకు ఇంగ్లీషు ఇలాకానుండి జనులు తండోపతండములుగా పోయి విదేశపు సరకులు కొనుచుండిరి. 1929లో బాల్యవివాహ నిరోధక శాసనము వచ్చిన పిదప, ఆ చట్టమును తప్పించుకొన గోరిన పెద్దలు పెండ్లిపల్లకీలతో సైతము అచటికే చేరిరి. ఆనాడు అది పరరాజ్యము. 1954లో యానాము విముక్తి పొంది స్వతంత్రభారతమున కలిసినది. రాజ్యములు రెండు ఒకటియైనవి గాని, సంత మాత్రము నిలిచియే యున్నది.

ఇట్టి సరిహద్దుసంత లిపుడు యానాముకడనే లేవు. హిందూపురము వారికి గౌరీబిదనూరు, పలమనేరు వారికి నంగలి, తడ వారికి ఆరంబాక్కము అట్టివే. 2021 నవంబరులో కేంద్రము సుంకము తగ్గించినపుడు కర్ణాటకమువారు తమ వంతుగా పెట్రోలు, డీజిలు రెండింటిపైనను మరి 7 రూపాయలు తగ్గించిరి. 2022 మే తరువాత చాలకాలము బెంగుళూరులో పెట్రోలు 101 రూపాయల 94 పైసలు, హైదరాబాదులో 109 రూపాయల 66 పైసలు, విజయవాడలో 111 రూపాయలకు పైమాట. తెలంగాణమువారు 2015లోనే పెట్రోలుపై పన్నును నూటికి 35.2కు, డీజిలుపై 27కు ఎక్కించి కూర్చుండిరి గనుక, జహీరాబాదు వాహనము బీదరువైపు చూచుటలో వింత లేదు. 2024 జూనులోను, మరల 2025 ఏప్రిల్‌లో డీజిలుపైనను కర్ణాటకమువారు పన్ను పెంచిరి. తేడా తగ్గినది. అయితే అది తగ్గినది మన వెల దిగి కాదు, వారి వెల యెక్కి!

పొలిమేర దాటి కొనువారిని దేశద్రోహులవలె, పన్నుదొంగలవలె నిందించువారు కొందఱు కలరు. మేము న్యాయస్థానములలో కొంతకాలము గడపిన వారము గావున ఒక మాట చెప్పవలసియున్నది. రాజ్యాంగములోని 301వ అధికరణము భారతదేశమంతటను వర్తకమును, రాకపోకలును స్వేచ్ఛగా నుండవలెనని చెప్పుచున్నది. తన బండితొట్టిలో తనకు వలసిన నూనెను, పన్ను చెల్లించియే, మరియొక రాష్ట్రములో నింపించుకొని వచ్చువాడు ఏ నేరమును చేయలేదు. పీపాలలో తెచ్చి అనుమతి లేక తిరిగి అమ్మువాని సంగతి వేఱు. వానిని పట్టుకొనుటకు చట్టము లున్నవి, పట్టుకొనుడు. అంగడివీధిలో ప్రక్కకొట్టున బియ్యము చౌకయైన ప్రక్కకొట్టునకు పోవు గృహస్థుని ఎవ్వరును దొంగ యనరు గదా.

మా యాక్షేపణ దాటువారిమీద కాదు. దాటలేనివారి సంగతి ఎవ్వరును తలపెట్టకుండుటమీద.

దాటగలవా రెవరో చూడుడు. చెన్నపట్టణమునుండి కలకత్తా పోవు పెద్ద లారీ తడవద్ద మన రాష్ట్రములో ప్రవేశించి ఇచ్ఛాపురముకడ వెడలును. నడుమ దారి వేయి కిలోమీటర్లకు పైన. ఆ లారీతొట్టిలో మూడు నాలుగు వందల లీటర్లు పట్టును. లీటరుకు నాలుగు కిలోమీటర్లు నడచినను, తమిళదేశములో నింపిన తొట్టి ఒడిశా చేరువఱకు సరిపోవును. ఆ లారీ మన రోడ్లను త్రొక్కును, మన వంతెనల నెక్కును, మన ఖజానాకు ఒక్క లీటరు పన్నైనను ఇయ్యకయే సాగిపోవును. రోడ్ల అభివృద్ధి కొఱకని పెట్టిన సెస్సు రోడ్డును మిక్కుటముగ అరగదీయు బండిని వదలి, ఆ రోడ్డుప్రక్క పల్లెలోని మోపెడ్డును పట్టుకొన్నది. పన్ను వేయువారి తెలివికి ఇంతకన్న తార్కాణము మేము వెదకనక్కరలేదు.

మరి పొదిలి రైతు ట్రాక్టరు నెక్కడ నింపించుకొనును? గిద్దలూరు ఆటోవాడు ఏ యానామునకు పోవును? పొలిమేర చేరుటకే తొట్టి సగ మైపోవును. బండి లేనివా డింకను అధోగతి. 2022 ఏప్రిల్‌లో ఆర్టీసీవారు డీజిలు సెస్సు అను పేర పల్లెవెలుగు టిక్కెట్టుపై 2 రూపాయలు, ఎక్స్‌ప్రెస్సుపై 5 రూపాయలు, పై తరగతి బస్సులపై 10 రూపాయలు ఎక్కించిరి. జూలైలో దూరమును బట్టి మరల పెంచిరి. సంతకు కూరగాయల గంప తీసికొనిపోవు స్త్రీ ఆ రెండు రూపాయలను తప్పించుకొనుటకు సరిహద్దు లేదు. ఆమె తన జన్మలో ఒక్క చుక్క పెట్రోలు కొనకపోవచ్చును. పన్ను మాత్రము దినదినము కట్టుచునే యున్నది. ఈ భారము దుస్సహమని ప్రభుత్వమువారికి తెలియదా యనిన, తెలియును. తెలియబట్టియే 2019లో మరపడవల మత్స్యకారులకు డీజిలుపై లీటరుకు 9 రూపాయల రాయితీ నిచ్చిరి. అది మంచిపని. పడవకు నొప్పి కలిగించునది ట్రాక్టరునకు కలిగింపదా?

1921లో చీరాల పేరాల ప్రజలు పన్నును తప్పించుకొనుటకు పొలిమేర దాటిరి. గ్రామములను మునిసిపాలిటీగా మార్చి పన్నులు పెంచినపుడు, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ఇండ్లు వాకిళ్ళు విడిచి, మునిసిపల్ హద్దుల ఆవల రామనగరము నిర్మించుకొని, ఎండకు వానకు ఓర్చి పదునొకండు నెలలు నివసించిరి. ఆ దాటుట సామూహికము. ధనికుడు, దరిద్రుడు కలసి దాటిరి. కావుననే అది దేశమంతటను వినబడెను. నేటి దాటుట అట్టిది కాదు. శక్తిగలవాడు ఒక్కడే నిశ్శబ్దముగా పోయి తొట్టి నింపించుకొని వచ్చి తన గోడు తీర్చుకొనుచున్నాడు. లారీయజమాని, కారుగల వర్తకుడు, సరిహద్దు పట్టణపు ఉద్యోగి — మంత్రులకు వినబడు గొంతుగలవారు వీరే — తమకు వేఱు దారి దొరకగానే నోరు మూసికొన్నారు. నోరులేనివారిపై భారము నిలిచినది. పొలిమేర మనకు చౌకవెల నిచ్చుచున్నదని సంతోషించువారు, అది మన ఆందోళనను గూడ కొనుక్కొని పోవుచున్నదని గ్రహింపవలెను.

రాష్ట్రప్రభుత్వముల వాదమును త్రోసివేయుట న్యాయము కాదు. 2017 జూలైలో జీఎస్టీ వచ్చిన పిదప రాష్ట్రముల చేత స్వతంత్రముగా మిగిలిన పెద్దపన్నులు నూనె, మద్యము, రిజిస్ట్రేషన్లు మొదలగు కొలదిపాటివే. రాజధాని లేక, లోటు బడ్జెట్టుతో బయలుదేరిన రాష్ట్రము ఏ కుండలో చేయిపెట్టవలెను? కేంద్రమువారి చేతు లంతకంటె శుద్ధమైనవి కావు. 2020 మార్చి, మే నెలలలో ప్రపంచపు చమురువెల కుప్పకూలగా, ఆ లాభము జనులకు చేరనీయక కేంద్రము పెట్రోలుపై 13 రూపాయలు, డీజిలుపై 16 రూపాయలు సుంకము పెంచినది. 2021 నవంబరులో 5, 10. 2022 మేలో 8, 6 తగ్గించినది. కూడి చూడుడు: పదమూడు, పదునాఱు. తీసికొన్నదానిని తీసికొన్నంతయే తిరిగి యిచ్చి దానికి ఔదార్యమని పేరు పెట్టిరి. 2021 బడ్జెట్టు తరువాత పెట్రోలుపై కేంద్రము తీసికొన్న 32 రూపాయల 90 పైసలలో రాష్ట్రములకు పంచవలసిన మూలసుంకము 1 రూపాయి 40 పైసలు మాత్రమే. తక్కినది సెస్సు, అదనపు సుంకము అను పేర్లతో పంపకమునకు వెలుపల నుంచిరి.

ఇవి యన్నియు నిజమే. అయినను ఢిల్లీ అన్యాయము అమరావతి అన్యాయమునకు రసీదు కాజాలదు. అదే ఢిల్లీ అన్యాయమును భరించుచునే తమిళనాడువారు 2021 ఆగస్టులో పెట్రోలుపై 3 రూపాయలు తగ్గించుకొనిరి. తగ్గింపుకన్న వారి పద్ధతి గమనింపదగినది. వారిది నూటికి 13, దానితో లీటరుకు 11 రూపాయల 52 పైసలు. అనగా పన్నులో పెద్దభాగము స్థిరమైనది. మనది నూటికి 31 గావున, అరబ్బుదేశములలో చమురువెల పది రూపాయలు పెరిగిన, శాసనసభ కూడకయే, ఒక్క సభ్యుడు చేయి యెత్తకయే, మన పన్ను మూడు రూపాయలు పెరుగును. ప్రజాప్రతినిధుల సమ్మతి లేక పన్ను లేదన్న సూత్రముకొఱకు మన పెద్దలు జైళ్ళకు పోయిరి. పశ్చిమాసియాలో యుద్ధము వచ్చినపుడెల్ల ఆదాయము పెరుగు ప్రభుత్వమును ఆ సూత్రముతో ఎట్లు పొసగింతురో ఆర్థికమంత్రిగారు సెలవియ్యవలెను.

పెట్రోలును జీఎస్టీలో చేర్చుటకు రాజ్యాంగమున 279-ఏ అధికరణము దారి చూపుచునే యున్నది. తేదీని కౌన్సిలు నిర్ణయింపవలెను. 2021 సెప్టెంబరు 17న లక్నోలో కూడిన కౌన్సిలు ఇది సమయము కాదన్నది. ఆ సమయము వచ్చుదాక చేతులు ముడుచుకొని యుండ నక్కరలేదు. లీటరుకింత యని స్థిరపన్నుగా మార్చుట రాష్ట్రశాసనసభ చేతిలోని పని. సెస్సుపై వ్యాటును తీసివేయుట ఒక్క ఉత్తరువుతో నగును. దక్షిణరాష్ట్రముల ఆర్థికమంత్రులు ఒకచోట కూర్చుండి, డీజిలుపైనైనను పన్ను ఈ మేరకు మించరాదని ఒడంబడుట కష్టము కావచ్చును గాని అసాధ్యము కాదు. ఒక రాష్ట్రము పెంచిన రెండవది వ్యాపారమును లాగుకొను పోటీలో లాభపడినది లారీతొట్టి యొక్కటే.

వీనియన్నిటికంటె ముందు కావలసినది లెక్క. తడ, పలమనేరు, హిందూపురము, రాయదుర్గము, తాళ్ళరేవు, ఇచ్ఛాపురము ప్రాంతముల బంకులలో 2014 నుండి ఏటేట ఎన్ని లీటర్లు అమ్ముడుపోయినవి? లోపలి జిల్లాలలో ఎన్ని? పన్ను పెంచిన యేడు సరిహద్దున రాబడి పెరిగినదా, తరిగినదా? ఈ యంకెలు వాణిజ్యపన్నుల శాఖవారి చేతిలో నుండవలసినవే. సరిహద్దు నియోజకవర్గముల శాసనసభ్యులు, ఏ పక్షమువారైనను, రాబోవు సమావేశములో ఈ ప్రశ్న నడిగి, సమాధానమును సభ బల్లమీద పెట్టింపవలెను.