చావుకు చిందులా?

2013 ఏప్రిల్ 8న బ్రిటన్ మాజీ ప్రధాని మార్గరెట్ థాచర్ చనిపోయారన్న కబురు తెలియగానే లండన్‌లోని బ్రిక్స్‌టన్‌లో, గ్లాస్గోలోని జార్జ్ స్క్వేర్‌లో జనం వీధుల్లోకొచ్చి చిందులేశారు. మంత్రగత్తె చచ్చిందని సంబరపడే పాత సినిమా పాటను ఎగబడి కొన్నారు. అది బ్రిటన్ పాటల జాబితాలో రెండో స్థానానికి ఎక్కింది. బీబీసీ పూర్తిగా వేయలేక, మానలేక, కొన్ని సెకన్ల ముక్క వినిపించి చేతులు దులుపుకుంది. అంత్యక్రియల రోజున యార్క్‌షైర్‌లోని గోల్డ్‌థోర్ప్ అనే గనుల ఊళ్లో ఆమె దిష్టిబొమ్మను తగలబెట్టారు.

ఆ ఊరి కోపాన్ని కాదనలేం. థాచర్ హయాంలో, 1984-85లో ఏడాదిపాటు సమ్మె చేసి ఓడిపోయి, ఆపైన గనులు మూతపడి, పిల్లలకు పని దొరకని ఇళ్లకు సంయమనం బోధించడం తేలిక. నరకుడు చచ్చాడని ఏటా దీపాలు పెట్టుకునే మనం మరీ పెద్దమనుషుల్లా మాట్లాడకూడదు కూడా.

అయినా ఆ చిందులు తప్పే. థాచర్ 1990లోనే గద్దె దిగారు, అదీ సొంత పార్టీవాళ్లే దించితే. 87 ఏళ్ల వృద్ధురాలు జబ్బుచేసి పోతే అందులో ఎవరి గెలుపుంది? మూసిన గని ఒక్కటీ తెరుచుకోలేదు. రావణుడికి అంత్యక్రియలు చేయమని విభీషణుడికి చెప్పింది, చంపిన రాముడే.

అలాగని పోయినవారిని పొగిడి తీరాలనడం మరో దౌర్జన్యం. ఒక నేత వల్ల ఎవరికి ఏ నష్టం జరిగిందో అంత్యక్రియల నాడైనా చెప్పాల్సిందే. టపాసులు మాత్రం వద్దు.