రెండు మార్కుల ప్రశ్న కాదు

వరంగల్‌లో ఇంగ్లీషు సాహిత్యం చదువుతున్న తమ్ముడూ, చెల్లే! పరీక్ష ముందురోజు మెటాఫర్, ఐరనీ, యూఫెమిజం అని నిర్వచనాలు బట్టీ పడుతుంటావు గదా. రెండు మార్కులకు రాసి మరిచిపోతాం. నేనూ అట్లనే చేసిన.

ఒక్క యూఫెమిజం దగ్గర ఆగు. కటువైన దాన్ని మెత్తటి మాటతో కప్పడం. కవ్వాల్, అమ్రాబాద్ పులుల అభయారణ్యాల్లో ఊళ్లను ఖాళీ చేయించే కాగితాల్లో కనబడే మాట 'స్వచ్ఛంద పునరావాసం'. చేను, గుడి, తాతల సమాధులు వదిలిపోవడానికి స్వచ్ఛందం అని పేరు! ఇక మన ఏటూరునాగారం దిక్కు వస్తే, పోడు భూమిని 'ఆక్రమణ' అంటారు. ఇది దానికి తిరగేసిన పని. మామూలు సాగును చెడ్డ మాటతో పిలవడం. దీని పేరు డిస్‌ఫెమిజం. 'ఊరు తరలించబడింది' అనే పాసివ్ వాయిస్ సంగతి చెప్పనే అక్కర్లేదు, తరలించినోడు వాక్యంలోనే ఉండడు.

2006 అటవీ హక్కుల చట్టం పీఠిక మాత్రం జరిగింది చారిత్రక అన్యాయమని సూటిగానే ఒప్పుకుంది. హక్కుల గుర్తింపు, పరిశీలన పూర్తయ్యేదాకా సాగులో ఉన్నోళ్లను అటవీ భూమి నుంచి వెళ్లగొట్టొద్దని సెక్షన్ 4(5) చెప్తుంది. అందులో మెత్తటి మాటలేం లేవు.

ఈసారి ఊరికి ఇంగ్లీషు నోటీసొస్తే, గ్రామసభలో చదివి చెప్పమని పెద్దలు నిన్నే పిలుస్తారు. పెన్సిల్ పట్టుకపో. 'స్వచ్ఛంద' కింద ఒక గీత, 'ఆక్రమణ' కింద ఒక గీత. తరలించేది ఎవరో రాయని ప్రతి వాక్యం పక్కన ఒక ప్రశ్నార్థకం.