రూపాయిగా మారిన డాలర్

అమెరికా నుంచి సెలవులకు వచ్చిన మేనమామ పిల్లల చేతిలో గుర్తుగా ఓ డాలర్ నోటు పెడతాడు. డాలర్ బిళ్ల పెట్టడం మాత్రం అరుదు. అలాగని అక్కడ డాలర్ నాణేలు లేవా అంటే... 1794 నుంచీ ఉన్నాయి. కోట్లకొద్దీ తయారుచేశారు. వాడేవాళ్లే తక్కువ!

తొలి డాలర్ ఫిలడెల్ఫియా టంకశాలలో తయారైంది. ఒకవైపు జుట్టు విరబోసుకున్న స్వేచ్ఛాదేవి, రెండోవైపు గద్ద. ఆ ఏడాది చేసినవి 1,758 మాత్రమే. వాటిలో ఒకటి 2013లో వేలానికొస్తే కోటి డాలర్లకు పైగా పలికింది.

1878లో జార్జ్ మోర్గాన్ కొత్త బొమ్మ చెక్కాడు. ఈసారి స్వేచ్ఛాదేవి ముఖానికి నమూనా అన్నా విలియమ్స్ అనే టీచరమ్మ. ఒక్కో నాణెం దాదాపు 27 గ్రాములు. అంత బరువు జేబులో మోయడమెందుకని చాలామంది నోట్లకే మొగ్గారు. నాణేల సంచులు ఖజానాలో పేరుకుపోయాయి.

మన దగ్గర కథ అడ్డం తిరిగింది. మొదటి ప్రపంచయుద్ధంలో వెండికి కరవొచ్చి, 1917 చివర్లో బ్రిటిష్ ప్రభుత్వం రూపాయి నోటు తెచ్చింది. జనానికి కాగితం మీద గురి కుదరలేదు. నోటిచ్చి వెండి రూపాయి అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. నిల్వలు అడుగంటాయి. నోటుకు వెండి ఇవ్వలేకపోతే పరువు పోతుంది, యుద్ధం ఖర్చులూ ఆగిపోతాయి. దాంతో బ్రిటన్ అమెరికా సాయం కోరింది. 1918 ఏప్రిల్‌లో అక్కడ పిట్‌మన్ చట్టం వచ్చింది. 27 కోట్ల డాలర్ నాణేల్ని కరిగించారు. ఆ వెండిలో చాలాభాగం ఓడలెక్కి వచ్చి, ఐదో జార్జి బొమ్మతో మన రూపాయిలుగా మారింది. ఒక్కో డాలర్‌లోని వెండితో రెండు రూపాయిలకు పైనే అయ్యేవి!

యుద్ధం ముగిసిన గుర్తుగా 1921లో అమెరికా ‘శాంతి డాలర్’ తెచ్చింది. శిల్పి ఆంథొనీ డి ఫ్రాన్సిస్కీ తన భార్య థెరీసానే స్వేచ్ఛాదేవిగా మలిచాడు. 1979లో సుసాన్ బి. ఆంథొనీ వంతు. 1872లో ఓటేసినందుకు అరెస్టయి, 100 డాలర్ల జరిమానా కట్టనుగాక కట్టనన్న ధీర ఆమె. నాణెం మాత్రం చూడ్డానికి పావు డాలర్‌లా ఉండి, చిల్లర దగ్గర తికమక పెట్టింది. 2000లో బంగారు రంగు డాలర్ మీదికి వీపున బిడ్డతో ఆదివాసీ మహిళ సకజావియా వచ్చింది. ఆమె అసలు రూపం ఎలా ఉండేదో చెప్పే చిత్రం ఒక్కటీ లేదు. 2007 నుంచి వరసగా అధ్యక్షుల బొమ్మలు వేశారు. అయినా కాగితం డాలర్ అందుబాటులో ఉండగా బిళ్ల ఎవరికి కావాలి? 2011 నాటికి 140 కోట్ల నాణేలు నిల్వ ఉండిపోయాయి. ఇక సేకరించేవాళ్లకు సరిపడా చేస్తే చాలని ఆ డిసెంబరులో నిర్ణయించారు.

అన్నట్టు... మీ ఇంట్లో తాతమ్మల నాటి భోషాణంలో 1918 రూపాయి ఉంటే ఓసారి తీసి చూడండి. పైకి కనిపించేది జార్జి చక్రవర్తే. లోపల కరిగి ఉన్నది ఫిలడెల్ఫియా టీచరమ్మ కావచ్చు!