వనపర్తి ఎస్పీ గారికి: ఆ డప్పు ఇంకొక్కసారి

గౌరవనీయులైన వనపర్తి జిల్లా పోలీసు సూపరింటెండెంట్ గారికి,

నేను ఆత్మకూరు బజారులో చిన్న దుకాణం నడుపుకునేవాణ్ని. మీ శాఖ ఈ జిల్లాలోనే ఒకసారి చేసి చూపించిన పనిని, ఆగిన చోటి నుంచి మళ్లీ ఎత్తుకోమని అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను.

2018 ఎండాకాలం మీ పాత ఫైళ్లలో ఉండే ఉంటుంది. పార్థీ గ్యాంగు దిగిందని, పిల్లల్ని ఎత్తుకుపోతున్నారని వాట్సాప్‌లో వీడియోలు ఊరూరా తిరిగాయి. ఎండాకాలమొస్తే ఆరుబయట మంచాలు వాల్చుకునే పల్లెల్లో జనం తలుపులు బిగించుకుని ఉక్కలోనే పడుకున్నారు. ఆ తేడా ముందుగా కనిపెట్టింది ఊళ్లు తిరిగే కానిస్టేబుళ్లే. అప్పుడు జోగుళాంబ గద్వాల, వనపర్తి జిల్లాలను రెండింటినీ చూస్తున్న ఎస్పీ రెమా రాజేశ్వరి గారు ఊరికో పోలీసును అప్పగించారు. వాళ్లు ఊరి వాట్సాప్ గ్రూపుల్లో చేరారు, ఇంటింటికీ తిరిగారు. సర్క్యులర్లతో పని కాదని తెలిసి డప్పు కొట్టేవాళ్లను, పాటగాళ్లను పిలిపించి, పుకార్ల మీద పాటలు కట్టించి రచ్చబండల దగ్గర పాడించారు. దాదాపు 400 ఊళ్లు. ఆ ఏడాది దేశంలో చాలాచోట్ల ఇలాంటి పుకార్లకే మనుషుల్ని కొట్టి చంపారు. ఈ ఊళ్లలో మాత్రం ఒక్క ప్రాణం పోలేదని బయటి దేశాల పత్రికలు కూడా రాశాయి.

ఇక్కడ పోలేదు. పట్నంలో పోయింది. అదే ఏడాది మే నెలాఖరున హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో, రంజాన్ నెల కదా నాలుగు రూపాయలు దొరుకుతాయని పాలమూరు వైపు నుంచి పోయిన హిజ్రాల మీద గుంపు పడింది. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లన్నారు. ఒకరు అక్కడే ప్రాణం వదిలారు. చచ్చిన మనిషి మనవైపు మనిషి, చంపిన పుకారు మన ఊళ్లలో మీవాళ్లు డప్పు కొట్టి తరిమిన పుకారే. ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి ఎవరైనా మాట్లాడగా నేను వినలేదు.

గుంపుకు కొత్త మనిషి చాలు, సార్. చీర కట్టిన మగగొంతు అయితే ఇక అడిగేవాడే ఉండడు. అందుకే నా మనవి ఏమిటంటే, ఈ మనుషులు నలుగురికీ తెలిసి ఉండటం వాళ్ల ప్రాణాలకు సంబంధించిన సంగతి. బందోబస్తు ఎట్లాగో ఇదీ అట్లాగే, మీ పనే.

మా బజారు సంగతి చెబుతాను. కొత్త దుకాణం తెరిస్తే హిజ్రాలు వస్తారు. చప్పట్లు కొడతారు, దిష్టి తీస్తారు, ఇచ్చింది తీసుకుని అందులోంచే ఒక రూపాయి బిళ్లను వేళ్ల మధ్య తిప్పి తిరిగి మన చేతిలో పెడతారు. దాన్ని గల్లాపెట్టెలో ఒక మూలకు దాచుకోని దుకాణదారు మా వరసలో లేడు. చెయ్యి మంచిదని మనం నమ్మే ఆ మనిషే ఇల్లు అద్దెకు అడిగితే మాత్రం ఇచ్చేవాడు లేడు. మొన్నామధ్య నా దుకాణం ముందే ఒక పోరగాడు సెల్లు తీసి వాళ్లలో ఒకామె మొహం మీదికి పెట్టి వీడియో తీస్తూ గొంతు మార్చి వెక్కిరించాడు. ఆమె చెంగు మొహానికి అడ్డం పెట్టుకుని పక్క సందులోకి మళ్లింది. చుట్టూ ఉన్నవాళ్లం నవ్వామో నవ్వలేదో గానీ, ఆ పోరగాణ్ని ఆపలేదు. పోలీసులకు చెప్పొచ్చు కదా అని తర్వాత ఆమెను అడిగితే, స్టేషన్‌కు పోతే ముందు మా మీదే మాట పడుతుందన్నా అంది. ఎక్కడి స్టేషనో ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆ భయానికి వందేళ్ల చరిత్ర ఉంది. నిజాం కాలంలో, 1329 ఫసలీలో, అంటే 1919లో, ఒక చట్టం తెచ్చారు. హిజ్రాల పేర్లు రిజిస్టరులో రాయాలి. ఆడవేషంలోనో నగలతోనో వీధిలో కనిపించినా, వీధికి కనపడేలా ఇంట్లో నిలబడినా వారెంటు లేకుండా పట్టుకుపోవచ్చు. రాజ్యాలు మారాయి, ఆ చట్టం మాత్రం కాగితాల మీద బతికే ఉంది. వైజయంతి వసంత మొగ్లి తదితరులు వేసిన పిటిషన్ మీద 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది. అంటే నిన్న మొన్నటి దాకా ఈ నేల మీద వాళ్లు కనపడటమే నేరం. ఆసరా పింఛన్లలో వీళ్లను చేర్చాలని, చదువుల్లో, కొలువుల్లో రిజర్వేషన్ కల్పించాలని కూడా ఆ తీర్పులోనే ఉంది. ఈ సంగతి ఆత్మకూరులో ఎంతమందికి తెలుసని అడగకండి. హిజ్రాలకే చాలామందికి తెలియదు.

ఇంకో తీర్పు సంగతి మీకు నేను చెప్పాల్సినది కాదు, అయినా చెబుతాను. 2018 సెప్టెంబరు 6న స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377 సెక్షన్ కోరలు సుప్రీంకోర్టు పీకినప్పుడు జస్టిస్ నారిమన్ తన తీర్పులో రెండు పనులు ప్రభుత్వానికి అప్పగించారు. ఒకటి, ఈ తీర్పును రేడియోలో, టీవీలో, పత్రికల్లో ఎప్పటికప్పుడు ప్రచారం చేయాలి. రెండోది, పోలీసులకు దీని మీద తరచుగా శిక్షణ ఇవ్వాలి. మందు తాగి బండి నడపొద్దని, ఓటీపీ చెప్పొద్దని, బాల్యవివాహాలు వద్దని మీ కళాజాత మా చౌరస్తాలో పాడగా ఎన్నోసార్లు విన్నాను. మంచి గొంతులు. ఈ తీర్పు మీద ఒక్క పాటైనా నా చెవిన పడలేదు.

పట్నంలో పనులు జరిగాయి, కాదనను. క్వీర్ స్వాభిమాన యాత్రలు 2013 నుంచి సాగుతున్నాయి. మీ మహిళా భద్రతా విభాగమే 2022లో ప్రైడ్ ప్లేస్ పేరుతో ట్రాన్స్‌జెండర్ల రక్షణ సెల్ పెట్టింది. 2024 డిసెంబరులో 39 మంది ట్రాన్స్‌జెండర్లు ట్రాఫిక్ అసిస్టెంట్లుగా హైదరాబాద్ సిగ్నళ్ల దగ్గర డ్యూటీకి దిగారు. యూనిఫాం వేసుకున్న ఆ ఫొటో మా ఊరి గ్రూపులో కూడా తిరిగింది. కింద వెకిలి మాటలూ వచ్చాయి, బాగుందన్న మాటలూ వచ్చాయి. బాగుందన్నవి నేను అనుకున్నదానికంటే ఎక్కువే. అయితే సిగ్నల్ దగ్గర చేయెత్తి బస్సును ఆపే మనిషి పట్నంలో ఉంటే, ఆత్మకూరు జనానికి అది టీవీ వార్తే. సమస్య వచ్చినవాళ్లు పూట ప్రయాణం చేసి ఆ సెల్ కోసం లక్డీకాపూల్ పోలేరు. 2020 నిబంధనల ప్రకారం ప్రతి జిల్లాలో కలెక్టరు గారి కింద ఒక ట్రాన్స్‌జెండర్ రక్షణ సెల్ ఉండాలి. మన జిల్లాలో దాని నంబరు ఏ గోడ మీద రాసి ఉందో మీరే చూపించండి, నా దుకాణం షట్టరు మీద నా ఖర్చుతో రాయించుకుంటాను.

ఇప్పటిదాకా హిజ్రాల గురించే రాశాను, ఎందుకంటే వాళ్లు ఎటూ కనపడేవాళ్లు. కనపడనివాళ్లు ఇంకా ఎక్కువ. పాలమూరు వలస అంటే అందరికీ బొంబాయి, పూణే బిల్డింగు పనులే గుర్తొస్తాయి. ఇంట్లో పెళ్లి మాట ఎత్తగానే బస్సెక్కిన పిల్లలూ ఆ వలసలో ఉన్నారు. అమ్మాయి ఇంకో అమ్మాయితో కలిసి ఉంటానని వెళ్లిపోతే తల్లిదండ్రులు మిస్సింగ్ కేసు పెడతారు. మీవాళ్లు వెతికి పట్టుకొచ్చి, కౌన్సెలింగ్ అని నాలుగు మాటలు చెప్పి ఇంటికి అప్పజెబుతారు. ఆ పిల్ల మేజరు అయితే ఆ అప్పజెప్పడం ఏ చట్టం కింద? ఇలాంటి కేసుల్లో కౌన్సెలింగ్ పేరుతో మనసు మార్చే ప్రయత్నం చేయరాదని 2024 మార్చిలో సుప్రీంకోర్టు కోర్టులకే మార్గదర్శకాలు ఇచ్చింది. కోర్టుకు తగని పని స్టేషన్ బెంచీ మీద ఎట్లా తగుతుంది?

కాబట్టి దయచేసి ఊరేగింపు పెట్టకండి. రంగుల జెండాల ర్యాలీ పట్నానికి సరిపోతుంది, అక్కడ వేలమందిలో ఒకడు కలిసిపోతాడు. ఆత్మకూరులో ఎవడి కొడుకో, ఏ వాడవాడో అరగంటలో అందరికీ తెలిసిపోతుంది. బయటపడని పిల్లల్ని బయటికి లాగే కార్యక్రమం ఏదీ వాళ్లకు మేలు చేయదు. వేదికెక్కించి శాలువా కప్పి, ఫ్లెక్సీ ముందు ఫొటో తీసి ప్రెస్ నోటు పంపే సన్మానం కూడా వద్దు. శాలువాలు మా ఊళ్లో అవసరానికి మించే ఉన్నాయి.

ఏం కావాలో చెబుతాను. మీ కళాబృందంలో హిజ్రాలను తీసుకోండి, మిగతా కళాకారులకు ఇచ్చే భత్యమే వాళ్లకూ ఇచ్చి. సైబర్ మోసాల మీద పాట వాళ్లు పాడనివ్వండి, హెల్మెట్ మీద పాడనివ్వండి. తమ కష్టాలు చెప్పుకోవడానికే పిలిస్తే జనం జాలి పడి పోతారు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని ఆమె డప్పు పట్టుకుని హెచ్చరిస్తే, వచ్చే వారం బజారులో ఎదురైనప్పుడు మొహం గుర్తుంటుంది. 2018లో పని చేసింది ఆ గుర్తింపే కదా. ఊరి పోలీసు పేరు తెలుసు కాబట్టే జనం ఆయన మాట నమ్మారు.

దానికంటే ముందు స్టేషన్ లోపల ఒక పూట శిక్షణ పెట్టండి, మైకు లేకుండా, విలేకరులు లేకుండా. 2019 నాటి చట్టంలోని 18వ సెక్షన్ ట్రాన్స్‌జెండర్ల మీద దాడికి, లైంగిక వేధింపుకు, ఊళ్లోంచి వెళ్లగొట్టడానికి 6 నెలల నుంచి 2 ఏళ్ల దాకా శిక్ష పెట్టింది. ఇంత ఘోరానికి రెండేళ్లేనా అని కడుపు మండుతుంది, అది వేరే సంగతి. 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన న్యాయసంహితలో, బలవంతపు చర్యలను శిక్షించడానికి మిగిలిన పాత 377కు సాటి సెక్షనే లేదు. అందుకని ఫిర్యాదు రాసే రైటరుకు చేతిలో ఉన్న ఆ కాస్త చట్టమైనా కంఠతా వచ్చి ఉండాలి. ఆ శిక్షణలో మాట్లాడటానికి మా బజారుకు వచ్చే హిజ్రాలనే పిలవండి. డ్యూటీలో ఉన్న కానిస్టేబులు ఏ మాటతో పిలిస్తే వాళ్లకు ఒళ్లు మండుతుందో వాళ్ల నోటితోనే వినడం మంచిది.

తేదీ కూడా నేనే సూచిస్తాను, చొరవ అనుకోకండి. దీపావళి దాటగానే కురుమూర్తి జాతర మొదలవుతుంది. స్వామి నగలు మా ఆత్మకూరు బ్యాంకులోంచే బయల్దేరి అమరచింత మీదుగా పోతాయి. ఆ రోజు ఊరు ఊరంతా రోడ్డు మీద ఉంటుంది. జాతర జరిగే చోటు మహబూబ్‌నగర్ జిల్లాలోనిది గానీ, ఊరేగింపు మొదలయ్యేది మీ హద్దులో. ఏటా బందోబస్తుకు ముందు వ్యాపారులను, యువజన సంఘాలవాళ్లను పిలిచి మాట్లాడినట్టే ఈసారి హిజ్రాలను కూడా పిలవండి. జాతరలకు వాళ్లు ఎట్లాగూ వస్తారు. తప్పిపోయిన పిల్లలను మైకు దగ్గరికి చేర్చే వలంటీర్లలో ఇద్దరు ముగ్గురు వాళ్లుండాలి, మీ శాఖ బ్యాడ్జీతో. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లని పేరు మోపి మనవైపు మనిషిని చంపారు కాబట్టి ప్రత్యేకంగా ఆ పనే అడుగుతున్నాను.

జనం ఒప్పుకోరేమోనని మీవాళ్లు అనొచ్చు. మా జనం ఒప్పుకున్నవి చాలా ఉన్నాయి. ఆ జాతరలోనే వడ్డెమాన్‌లో దళితులు కుట్టిన ఉద్దాలను, అంటే స్వామి పాదుకలను, నెత్తిన మోపించుకోవడానికి అన్ని కులాలవాళ్లూ తోసుకుంటారు. ఏడాదంతా అలాగే ఉంటారని నేను చెప్పను. ఆ ఒక్కరోజు ఉంటారు, అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.

మీటింగు ఎప్పుడో మీ ఎస్సై గారితో కబురు చేయించండి. చాయ, బిస్కెట్ల ఖర్చు మా వరస దుకాణాలవాళ్లం పెట్టుకుంటాం. కుర్చీలు మాత్రం అందరికీ ఒకే వరసలో వేయించండి.

ఇట్లు,
ఆత్మకూరు బజారులో ఒక దుకాణదారు